ఫిర్యాదుకు ఒత్తు

నా పదవీ విరమణ సభలో నాకు కప్పిన శాలువాకు ఒక మూల ఇంకొకాయన పేరుతో చీటీ గుచ్చి ఉంది. ఇంటికి వచ్చి మడత పెడుతుంటే కనబడింది. ఆయన నాకంటే రెండు నెలల ముందు రిటైరైన డ్రిల్లు సారు. ఆయనకు శాలువాలు ఎక్కువై మిగిలింది నాకు కప్పారన్నమాట. అదే సభలో ఒక వక్త నన్ను "ఇన్నేళ్ళు సైన్సు బోధించిన" అని పొగిడాడు. నేను చెప్పింది సోషల్.

ఇవన్నీ గుర్తుపెట్టుకుంటావా అని మా ఇంట్లోవాళ్ళు అడుగుతారు. పెట్టుకుంటాను. ఎవరు ఎవరిని ఎప్పుడు ఏమన్నారో గుర్తుపెట్టుకోవడమే కదా నేను ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు నేర్పింది. రాజులు చేస్తే అది చరిత్ర, నేను చేస్తే చాదస్తమా?

స్టాఫ్ రూములో నన్ను "పిటిషన్ మేడం" అనేవాళ్ళు. వెనకాలే అనేవాళ్ళు. ముందర అంటే దాని మీద ఇంకో పిటిషన్ పెడతానని తెలుసు. చేతులు లేని కుర్చీ నాకే ఎందుకు వేశారని పెట్టాను. లెక్కలకు పొద్దుటి చల్లని పీరియడ్లు ఇచ్చి, సోషల్‌ను అన్నం తిన్న తర్వాతి నిద్ర పీరియడ్లకు తోసేశారని పెట్టాను. ప్రతిదానికీ కింద నా సంతకం ఉంటుంది. పేరు దాచుకుని రాసే అలవాటు నాకు లేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. మిమ్మల్ని పిల్లలంటున్నానని కోపం తెచ్చుకోకండి. తెచ్చుకుంటే రాతపూర్వకంగా ఇవ్వండి. ఇన్ని ఫిర్యాదులు పెట్టిన నా మీద సర్వీసు మొత్తంలో ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చింది. నేను కమ్యూనిస్టునట. దాని సంగతి చెబుతాను.

అప్పటికి మన రాష్ట్రం వచ్చి కొన్నేళ్ళయింది. పెద్ద జిల్లాలను విడగొట్టి చిన్నవి చేశారు. ఆఫీసులు పంచుకున్నారు, బీరువాలు పంచుకున్నారు, కాగితాల కట్టలు లారీల్లో అటూ ఇటూ తిరిగాయి. నేను పొద్దున ప్యాసింజరు రైలుకు ఆలేరులో దిగి, షేర్ ఆటోలో ఇంకో అరగంట పోయి, ఒక ఊరి హైస్కూల్లో పనిచేస్తున్నాను.

ఆ బడిలో నాకు ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు తెలుగు సారు. సర్వీసులో నాకంటే పదకొండు రోజులు జూనియర్. ఈ పదకొండు రోజుల సంగతి నేను ఆయనకు అప్పుడప్పుడు గుర్తుచేసేదాన్ని, మరచిపోతాడేమోనని. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్ళం. ఆయన ఇంటి గోంగూర పచ్చడిలో సగం నాది. తొమ్మిదేళ్ళలో మేము గట్టిగా పోట్లాడుకున్నది ఒక్క అక్షరం గురించే.

"మేడం, పిల్లలకు ఫిర్యాదు అని ఒత్తు పెట్టి నేర్పిస్తున్నరట. అది పిర్యాదు. తెలుగు నోటికి ఒత్తు పలుకది," అన్నాడు ఒకరోజు.

"అది ఉర్దూలోంచి వచ్చింది సార్. ఫరియాద్. నోరు తెరిచి గాలి వదలాలె."

"వచ్చినప్పుడు వచ్చింది. గిప్పుడు మనింటి పిల్ల. మనింట్ల పెదవులు మూసి పిర్యాదు అంటం. మీరైతే ఎట్లాగూ నోరు తెరిచే ఉంటరు, మీకేం తెలుస్తది?"

స్టాఫ్ రూమంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి పోయి డైరీలో తేదీతో సహా రాసి పెట్టుకున్నాను. జిల్లాలో ఆ మాటను నాకంటే ఎక్కువసార్లు రాసిన మనిషి ఇంకొకరు లేరు. నాకు అందులో ఒత్తు లేదని చెబుతాడా?

ఆ ఏడు మా హెడ్మాస్టరు రిటైర్ కాబోతున్నాడు. పోస్టు నింపేదాకా ఎవరో ఒకరు ఇంచార్జిగా ఉండాలి. ఇంచార్జి అంటే తెలియని వాళ్ళకు చెబుతాను. పని రెట్టింపు, తిట్లు రెట్టింపు, జీతం పాతదే. అయినా నాకు కావాలి. ఆ గదిలో చేతులున్న కుర్చీ ఉంది. టేకుది, వెనక తెల్ల తువ్వాలు వేసి ఉంటుంది. పదేళ్ళ కింద ఇంకో బడిలో నా వంతు వచ్చినప్పుడు "లేడీ టీచర్, రైలు మీద వస్తది, ఇబ్బంది పడ్తది" అని నామీద దయ చూపించి ఇంకొకరికి ఇచ్చారు. ఆ దయను నేను మరచిపోలేదు. ఈసారి అందరికంటే సీనియర్ని నేనే. నా తర్వాత తెలుగు సారు, పదకొండు రోజుల తేడాతో. రికార్డు శుభ్రంగా ఉంటే చాలు, కుర్చీ నాది.

పదో తరగతిలో అప్పుడు ప్రచ్ఛన్న యుద్ధం పాఠం నడుస్తోంది. పుస్తకంలో అమెరికా, రష్యా, క్షిపణులు, ఒప్పందాలు ఉన్నాయి. పిల్లలు ఆవులిస్తున్నారు. మధ్యాహ్నం పీరియడ్ అని ముందే చెప్పాను కదా. పుస్తకం మూసేసి వేరే దారిలో వెళ్ళాను.

"రష్యా దగ్గర అణుబాంబు ఉంది. చైనాలో ఎర్రజెండా ఎగిరింది. అమెరికాకు భయమైంది. కానీ ఆ రెండూ సముద్రాల అవతల ఉన్నాయి. అంత దూరం పోయి పట్టుకోవడం కష్టం. మరి భయాన్ని ఏం చేసుకున్నారు? ఇంట్లోవాళ్ళ మీద చూపించారు. గవర్నమెంటు నౌకర్ల విధేయత మీద విచారణలు పెట్టారు. టీచర్లతో ప్రమాణపత్రాల మీద సంతకాలు పెట్టించారు. సినిమావాళ్ళను పిలిచి, నువ్వు ఆ పార్టీలో ఉన్నావా, ఎప్పుడన్నా ఉన్నావా అని అడిగారు. ఉన్నానన్నవాణ్ణి, అయితే ఇంకెవరెవరు ఉన్నారో పేర్లు చెప్పు అన్నారు. పేర్లు చెప్పనివాడికి పని దొరకలేదు. ఒక సెనేటరు సభలో కాగితం ఊపి, ఇందులో ఇంతమంది కమ్యూనిస్టుల పేర్లున్నాయన్నాడు. ఆ లెక్క ఆయన పోయిన ఊరికొక తీరుగా మారింది."

వెనక బెంచీ వాళ్ళు లేచి కూర్చున్నారు.

"ఓట్లడిగేవాడికి మస్తు సులువైంది. రోడ్డు వేస్తా, బడి కడతా అని చెప్పే పని తప్పింది. ఎదుటివాడు కమ్యూనిస్టుల విషయంలో మెతక అంటే చాలు. ఆ మెతక అన్న మాట పడకూడదని మంచివాళ్ళు కూడా గొంతు పెంచారు. ఒక ఊరి ఆటల జట్టు తన పేరులో ఎరుపు ఉందని కొన్నేళ్ళు పేరే మార్చుకుంది."

"మరి దొరికిన్రా టీచర్, కమ్యూనిస్టులు?" అని ముందు బెంచీలో ఒక అమ్మాయి అడిగింది. చిన్న మనిషి, పెద్ద ప్రశ్నలు. ఆ తరగతిలో అందరికంటే అందంగా రాసేది ఆ పిల్లే.

"గూఢచారులు కొందరు దొరికారు. వాళ్ళకంటే ఏ పాపం లేకుండా కొలువు పోయినవాళ్ళు చాలా ఎక్కువ."

"మనకాడ గూడ గట్లయిందా?"

అయింది. నల్లగొండలో పుట్టిన పిల్లలకు ఇది వేరే చెప్పాలా అనుకున్నాను కానీ, చెప్పాల్సే వచ్చింది. మా అవ్వ కూలికి పోయే మనిషి. ఆ రోజుల్లో ఇక్కడ కమ్యూనిస్టులను ఎవరూ కమ్యూనిస్టులు అనలేదు. సంఘం అన్నారు, సంఘపోళ్ళు అన్నారు. నిజాం రాజ్యం పోయాక కూడా మిలట్రీ ఊళ్ళలో ఉండి సంఘపోళ్ళ కోసం వెతికింది. మా అవ్వను నిలబెట్టి సంఘంలో ఎవరెవరున్నారో పేర్లు చెప్పమన్నారట.

"చెప్పిందా?" అని అడిగింది ఆ పిల్ల.

"ఒక్క పేరు చెప్పింది. తన పేరు. అదే రాసుకోమన్నది. రాసుకుని రెండు దెబ్బలు కొట్టి పోయారు."

గంట కొట్టారు. ఒక్కడూ లేవలేదు. నా సర్వీసులో సోషల్ పీరియడ్ అయిపోయిందని పిల్లలు బాధపడింది ఆ రోజే. ఆ గర్వంలోనే తప్పు చేశాను.

ఇంటర్నల్ మార్కులకు ప్రాజెక్టు పని ఇవ్వాలి. ఐదు మార్కులు. నేను ఇలా ఇచ్చాను: "ఆనాటి అమెరికాలో ఒక పౌరుడు, ఒక టీచరో గుమస్తానో కమ్యూనిస్టని పై అధికారికి ఫిర్యాదు రాసినట్టు ఊహించి రాయండి. అమెరికా పేర్లు నోరు తిరగవు, పెట్టొద్దు. మీరు రోజూ చూసే మనిషిని మనసులో పెట్టుకుని రాయండి. అప్పుడే నిజంలా ఉంటుంది." ఫిర్యాదు ఎలా రాయాలో బోర్డు మీద చూపించాను. పైన ఎవరికి, కింద విషయము, ఆ కింద సూచిక, "తమ దివ్యసముఖమునకు" ఎక్కడ రావాలి, "సదరు" ఎక్కడ రావాలి. నా ముప్పై ఏళ్ళ విద్య మొత్తం ఆ పిల్లలకు ఒక్క పీరియడులో ధారపోశాను.

ఇంకో నియమం ఉంది. పేరు ఎక్కడా రాయకూడదు, రోల్ నంబరు కాగితం వెనక రాయాలి. మార్కులు కూడా నేను వెనకే వేస్తాను. నా బీఈడీ రోజుల్లో ఒక లెక్చరర్ నా ఇంటిపేరు చూసి, నేను ఊరికి ఏ వైపు నుంచి వచ్చానో లెక్కగట్టి, రికార్డు విప్పకముందే మార్కులు కోశాడు. అప్పటినుంచి నా దగ్గర రాతే ముందు కనబడాలి, మనిషి తర్వాత.

కాగితాలు రైల్లో దిద్దాను. నిజం ఒప్పుకుంటాను, చదవలేదు. విషయము ఉందా, సూచిక ఉందా, సదరు ఉందా అని చూసి, వెనక్కి తిప్పి మార్కులు వేసి సంతకం పెట్టాను. ఒకదానికి ఐదుకి ఐదు వేసి "చాలా సహజంగా ఉంది" అని కూడా రాశాను. ఏది సహజంగా ఉందో అప్పుడు నాకు తెలియదు. చేతిరాత ముద్దుగా ఉందని రాశాను.

తర్వాత ఇంటర్నల్ మార్కుల పరిశీలనకు వచ్చినవాళ్ళు నమూనాకు కొన్ని కాగితాలు పట్టుకుపోయారు. పై ఆఫీసులో ఎక్కడి కట్ట ఎక్కడుందో ఎవరికీ తెలియని కాలం అది. పిల్లల ప్రాజెక్టుల కట్ట జారి తపాలా కట్టలో కలిసింది. ఒక కాగితం పైన చక్కగా "విషయము: సదరు ఉపాధ్యాయురాలి విద్రోహకర కార్యకలాపముల గురించి" అని ఉంటే, కింద "ఇట్లు, దేశభక్తి గల పౌరుడు" అని ఉంటే, ఏ గుమస్తా అయినా ఏం చేస్తాడు? గుద్దాడు. ఇన్వర్డు ముద్ర గుద్ది నంబరు వేశాడు. ముందు వైపు మాత్రం జిరాక్సు తీసి పైన పెట్టి, అసలుది అడుగున పెట్టి ఫైలు కట్టాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందుగా తెలిసింది మెమో.

హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి, కాగితాన్ని వేడి గిన్నెలా రెండు వేళ్ళతో పట్టుకుని ఇచ్చాడు. సదరు ఉపాధ్యాయురాలు విద్యార్థులకు ఒక విదేశీ సిద్ధాంతమును నూరిపోయుచున్నట్లును, ఎర్ర సిరాను, ఎర్ర అంచు చీరలను విరివిగా వాడుచున్నట్లును, హెడ్మాస్టరు గారి గదికి చాటుగా "సింహాసన గది" అని పేరు పెట్టినట్లును, ఒక సంఘముతో సంబంధము కలిగియున్నట్లును కంప్లైంటు అందినదని, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని, త్వరలో విచారణ ఉంటుందని ఉంది. ఫిర్యాదు కాపీ జతపరచలేదు.

"సింహాసన గది అన్నరా మేడం?" అని అడిగాడు హెడ్మాస్టరు. బాధపడినట్టు లేదు. కొంచెం సంతోషించినట్టే ఉంది.

"దిద్దేటోళ్ళందరు ఎర్ర సిరాతోనే దిద్దుతరు కద సార్! నేనెట్ల కమ్యూనిస్టునైత?"

"నాకు తెల్సు మేడం. గని మెమో నడుస్తుంటే ఇంచార్జి ఇయ్యరాదు. రూలు. జర అడ్జస్ట్ చేసుకోండ్రి."

"నేను కాకుంటే ఎవరికిస్తరు?"

"మీ తర్వాత తెలుగు సారే కద," అన్నాడు.

నేను స్టాఫ్ రూములోకి నడిచి వచ్చేసరికి తెలుగు సారు ఏదో రాస్తున్నాడు. నన్ను చూసి కాగితం పుస్తకంలో దాచాడు.

చాలదా? నాకు చాలింది. సింహాసన గది అన్న మాట నేను గోంగూర తింటూ ఆయన ముందే అన్నాను. ఎర్ర అంచు చీర బాగుందని అన్నది ఆయనే. పదకొండు రోజుల జూనియర్ ఆయనే. ఆ మధ్యాహ్నం నేను నా డబ్బా తీసుకుని హిందీ మేడం బల్లకు మారాను.

"ఏమైంది మేడం? పచ్చడి పులుపెక్కిందా?" అని అడిగాడు.

"పులుపు కాదు సార్, ఎరుపెక్కింది."

ఆయనకు అర్థం కాలేదు. అర్థం కానట్టు నటిస్తున్నాడని అర్థం చేసుకున్నాను. అప్పటినుంచి ఆయన దగ్గితే సైగ, నవ్వితే కుట్ర. ఆయన ఫోను పట్టుకుని వరండాలోకి పోతే నేను నీళ్ళ సీసా పట్టుకుని వెనకే పోయేదాన్ని. ఆ సెనేటరు గురించి అంత బాగా పాఠం చెప్పినదాన్ని, ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న సంగతి నాకు తెలియలేదు.

చివరికి నాకు తెలిసిన పని చేశాను. తెలుగు సారు మీద ఫిర్యాదు రాశాను. ఆయన ప్రతి శనివారం సాయంత్రం తన ఊరి భజన సంఘానికి పోతాడు. తాళాలు వాయిస్తాడు. గొంతు బాగుండదు, అది వేరే ఫిర్యాదు. నేను ఇలా రాశాను: "సదరు ఉపాధ్యాయుడు ప్రతి శనివారం ఒక సంఘము యొక్క సమావేశమునకు క్రమం తప్పక హాజరగుచున్నాడు." భజన అన్న మాట విడిచిపెట్టాను. అబద్ధం ఒక్కటి లేదు చూడండి. ఒక్క మాట తీసేస్తే చాలింది. కింద ఎప్పటిలాగే సంతకం పెట్టి, ఆలేరులో దిగగానే పోస్టు డబ్బాలో వేశాను.

హెడ్మాస్టరు రిటైరయ్యే నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా విచారణాధికారి వచ్చాడు. మా పై ఆఫీసులోనే పనిచేసే మనిషి, మర్యాదస్తుడు. నన్ను చూడగానే నమస్కారం పెట్టి, "మీ చేతిరాత నాకు బాగ తెల్సు మేడం," అన్నాడు. నా పాత పిటిషన్లన్నీ ఆయన చదివినవే.

హెడ్మాస్టరు గదిలో కూర్చున్నాం. అధికారి ఆ టేకు కుర్చీలో, నేను ఎదురుగా చేతులు లేని కుర్చీలో. సాక్షిగా మధ్యాహ్న భోజనం వండే అక్కను పిలిచారు. బడి ఆవరణలో రోజంతా ఉండేది ఆమే కాబట్టి.

"అమ్మా, ఈ మేడం దగ్గరికి సంఘపోళ్ళు ఎవరన్న వస్తరా?" అని అడిగాడు అధికారి.

"ఎందుకు రారు సారు? నేనే వస్త," అంది వంట అక్క.

అధికారి పెన్ను ఆగింది. "నువ్వు సంఘమా?"

"మహిళా సంఘం సారు. రెండో లీడర్ని. మొదటి లీడర్ మా వదినె. పప్పు మంచిగ లేదని ఈ మేడం మా మీద రెండు పిటిషన్లు పెట్టింది. ఆమె మావైపైతే గట్లెందుకు పెడ్తది? జర రాసుకోండ్రి."

అధికారి అప్పటిదాకా రాసింది కొట్టేశాడు. ఆమె చెప్పింది రాసుకోలేదు. తర్వాత నావైపు తిరిగాడు. "మేడం, రూలు ప్రకారం అడగాలె. మీరు ఏ సంఘంల ఉన్నరు?"

"ఉపాధ్యాయ సంఘంలో ఉన్న. మా కాలనీ సంఘంలో ఉన్న. చర్చిలో స్త్రీల సంఘంలో ఉన్న. రైల్వే ప్రయాణికుల సంఘం పెడదామంటే ఎవ్వరూ కలిసి రాలేదు, దాని మీద ఒక..."

"చాలు మేడం, చాలు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇందుల ఏం లేదని నాకు తెల్సు. ఎప్పుడో మూసేస్తుంటిని. కని నేను మూస్తే రేపు పైన ఎవరో ఒకరు, ఈయన మెతకగున్నడు, ఏందో సంగతి అంటరు. మా పైనాయనకు గదే భయం. ఆయన పైనాయనకు గదే. నాకు రిటైర్మెంటు ఇంకా నాలుగేండ్లున్నది."

మెతక! నేను పాఠంలో చెప్పిన మాట. ఈయన నా క్లాసులో కూర్చోలేదు, పుస్తకం కూడా చదివి ఉండడు. ఇన్ని సముద్రాలు దాటి ఆ మాట ఎర్రబస్సు ఎక్కి మా బడిదాకా ఎలా వచ్చిందా అనుకున్నాను.

"అసలు ఫిర్యాదు చూపించండి సార్. జిరాక్సు కాదు, అసలుది. అడిగే హక్కు నాకుంది."

ఉందని ఆయనకూ తెలుసు. ఫైలు తాడు విప్పి, అడుగునున్న అసలు కాగితం తీసి ఇచ్చాడు. మొదటి వాక్యం చదివాను. "తమ దివ్యసముఖమునకు ఈ ఫిర్యాదు..."

ఫిర్యాదు. ఒత్తుతో ఉంది.

తెలుగు సారు తల తీసినా ఆ ఒత్తు పెట్టడు. మా బడిలో ఆ ఒత్తు పెట్టేది నేను. నేను నేర్పిన పిల్లలు. ఆ ముద్దు ముద్దు చేతిరాత అప్పుడు నా కళ్ళకు తెలిసింది. కాగితం వెనక్కి తిప్పాను. రోల్ నంబరు. ఐదుకి ఐదు. "చాలా సహజంగా ఉంది." కింద ఎర్ర సిరాతో నా సంతకం.

అధికారి కూడా వంగి చూశాడు. తర్వాత మెల్లగా, "గిది పిల్లల ప్రాజెక్టా మేడం? దొరికింది పో! ఈ నంబరు ఎవరిదో చెప్పండ్రి. రాసినోళ్ళను, వాళ్ళ తల్లిదండ్రులను పిలిపిస్త. స్టేట్‌మెంటు తీసుకుంట. ఇయ్యాల్నే మీ ఫైలు క్లియర్. ఎల్లుండి కుర్చీ మీదే," అన్నాడు.

కిటికీలోంచి పదో తరగతి కనబడుతోంది. ముందు బెంచీలో ఆ పిల్ల పెన్ను కొరుకుతూ కూర్చుంది. పరీక్షలకు పట్టుమని రెండు నెలలు లేవు. వాళ్ళ నాయిన ఇటుకబట్టీకి పోయే మనిషి. ఆఫీసరు పిలిచాడంటే ఎందుకని అడగడు, పిల్లను బడి మాన్పిస్తాడు. ఒక్క పేరు చెబితే నా కుర్చీ నాకు వస్తుంది. పేరు కూడా అక్కర్లేదు. రిజిస్టరు ఆయన మోచేతి దగ్గరే ఉంది, నేను అటు చూస్తే చాలు.

నేను అటు చూడలేదు.

"పిల్లలది కాదు సార్. నేనే రాసిన. నమూనా. పిల్లలకు చూపించడానికి."

ఆయన ముందు వైపు చేతిరాత చూశాడు. నా ముఖం చూశాడు. నా చేతిరాత ఆయనకు బాగా తెలుసని ఇంతకుముందే అన్నాడు కదా.

"మరి ఈ నంబరు?"

"నమూనా నంబరు."

"మీకు మీరే ఐదుకి ఐదు ఏసుకున్నరా?"

"ఇంకెవరు వేస్తరు సార్ నాకు?"

వంట అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అధికారి ముఖంలో నేను ఎప్పుడూ చూడని సంతోషం కనబడింది. దారి దొరికిన మనిషి సంతోషం అది. "అంటే ఫిర్యాదుదారు మీరే. మీ మీద మీరే పెట్టుకున్నరు. గప్పుడు మీరే వాపసు తీసుకోవచ్చు. నేను మూసినట్టు గాదు!" గబగబా రాశాడు: విచారించగా ఫిర్యాదుదారు స్వయముగా హాజరై తన ఫిర్యాదును ఉపసంహరించుకొన్నారు. నేను సంతకం పెట్టాను. జిల్లాలో తన మీద తానే పిటిషన్ పెట్టుకున్న టీచరు నేనొక్కదాన్నే అని రికార్డులో ఉంది. పోయి చూసుకోండి.

ఆ సాయంత్రం ఆ పిల్లను కుళాయి దగ్గర ఆపి అడిగాను. "ఇంతమంది ఉండగా నా మీదనే ఎందుకు రాసినవే?"

"రోజూ చూసే మనిషి మీద రాయమన్నరు గద టీచర్. మీరు అన్నం తినుకుంట సింహాసన గది అంటే వరండల మాకు ఇనబడ్తది," అంది. తర్వాత కొంచెం భయంగా, "మంచిగ లేదా?" అని అడిగింది.

"చాలా సహజంగా ఉంది," అన్నాను. ఈసారి చదివే చెప్పాను.

రెండు రోజులకు కుర్చీ నాదయింది. హెడ్మాస్టరు వీడ్కోలు సభలో తెలుగు సారు ఒక పద్యం చదివాడు. నన్ను చూసి పుస్తకంలో దాచింది ఆ పద్యాన్నే. అందులో సీసపాదం ఒకటి తప్పింది, ఎవరికీ తెలియలేదు, నాకు కూడా ఆయనే తర్వాత చెప్పాడు.

ఇంచార్జిగా మొదటి పొద్దున టేకు కుర్చీలో కూర్చుని తువ్వాలు సర్దుకుని, వచ్చిన తపాలా విప్పాను. మొట్టమొదటి కాగితం పై ఆఫీసు నుంచి. "మీ పాఠశాల తెలుగు ఉపాధ్యాయునిపై అందిన ఫిర్యాదును విచారించి వెంటనే నివేదిక పంపవలెను." జతపరచినది: ఫిర్యాదు అసలు ప్రతి. కింద నా సంతకం.

దాన్ని సొరుగులో పెట్టేసి ఉండవచ్చు. నా తర్వాత వచ్చే హెడ్మాస్టరు చూసుకునేవాడు. ఒక గంటసేపు ఆ ఆలోచన కూడా చేశాను. చేతులున్న కుర్చీలో కూర్చుంటే ఇలాంటి ఆలోచనలు వస్తాయని తెలిసింది. చివరికి బెల్లు కొట్టి తెలుగు సారును పిలిపించాను. నోటితో చెప్పలేక కాగితం చేతికిచ్చాను.

ఆయన నిలబడే చదివాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. రెండోసారి చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇక వెళ్ళిపోతాడు, తొమ్మిదేళ్ళ గోంగూర ఇంతటితో సరి అనుకున్నాను.

ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. కాగితంలో రెండు చోట్ల సున్నాలు చుట్టాడు. వెనక్కి తిప్పి ఏదో రాసి నా బల్ల మీద పెట్టాడు.

ఐదుకి మూడు.

"రెండు మార్కులు కోసిన మేడం. సంఘం ముందల భజన విడిచిపెట్టిన్రు, దానికొకటి. రెండోది ఎందుకో మీకు తెల్సు. ఒత్తు." తలుపు దాకా పోయి ఆగాడు. "పొద్దున డబ్బా తెచ్చిన్రా? మా ఇంట్ల ఇయ్యాల కొత్త పచ్చడి."

నివేదిక నేనే రాశాను. "విచారించగా, ఫిర్యాదులో ఒక మాట విడిచిపెట్టబడినదనియు, అట్లు విడిచిపెట్టినది ఫిర్యాదుదారే అనియు తేలినది." సంతకం ఫిర్యాదుదారుది, విచారణాధికారిది, హెడ్మాస్టరుది, మూడూ ఒక్కటే. పై ఆఫీసు నుంచి ఏ జవాబూ రాలేదు.

భజన మార్కు కోసినందుకు నాకు ఫిర్యాదు లేదు. అది న్యాయం. రెండో మార్కు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఆ మాటకు ఒత్తు ఉందని మూడు నిఘంటువులు చూసి, పేజీ నంబర్లతో సహా ఆయనకు రాతపూర్వకంగా ఇచ్చాను. ఇద్దరం రిటైరై ఇన్నేళ్ళయినా జవాబు లేదు. ఏటా వానలు పడి గోంగూర లేతగా రాగానే ఒక పచ్చడి సీసా మాత్రం పంపిస్తాడు. మూతకు చీటీ అంటించి ఉంటుంది: "పిర్యాదులేమైనా ఉంటే తెలుపగలరు."

ఒత్తు లేకుండా.